సైలర్ మూన్ విలన్ల మీద రాయాలనుకునేవాళ్లు చూడాల్సిన పద్ధతి

మ్యాజికల్ గర్ల్ అనిమేలో (మాయాశక్తితో రూపం మార్చుకుని పోరాడే అమ్మాయిల జపనీస్ కార్టూన్లలో) విలన్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఎవరి బలం ఎంత, ఎవరి డిజైన్ బాగుంది అన్న దగ్గరే ఆగిపోతారు. ‘సైలర్ మూన్’ విషయంలో ఆ కొలతలు పెద్దగా పనికిరావు. 1992 మార్చి నుంచి 1997 ఫిబ్రవరి దాకా 200 ఎపిసోడ్లు నడిచిన ఈ సీరియల్లో పేరున్న దుష్టులు చాలామంది హీరోయిన్ చేతిలో చావరు. సొంత పక్షం చేతిలోనో, తాము తెచ్చుకున్న ఆయుధంతోనో పోతారు. ఎవరు ఎవరికి జవాబు చెప్పుకోవాలి, తప్పు చేస్తే పైవాళ్లు ఏం చేస్తారు అన్నది పట్టుకుని చూడండి. మామూలుగా ‘వారానికో రాక్షసి’ అని తీసిపారేసే ఎపిసోడ్లలో కూడా రాయడానికి కావలసినంత సరుకు దొరుకుతుంది.

ముందు ఏది చూస్తున్నారో తేల్చుకోండి

నావొకో టకేఉచి గీసిన మాంగా (జపనీస్ కామిక్), తోయీ యానిమేషన్ వాళ్ల 1992 నాటి అనిమే, 2003 నాటి లైవ్ యాక్షన్ సీరియల్, 2014లో మొదలైన ‘క్రిస్టల్’: ఈ నాలుగింటిలోనూ విలన్లు ఒకరు కారు. పేర్లు అవే, మనుషులు వేరు. మొదటి సీజన్ విలన్ల పక్షం పేరు డార్క్ కింగ్‌డమ్. దాని సేనానులు జేడైట్, నెఫ్రైట్, జొయిసైట్, కుంజైట్ అనే నలుగురూ మాంగాలో ఒకప్పుడు హీరోయిన్ ప్రియుడైన ప్రిన్స్ ఎండీమియన్ దగ్గర పనిచేసినవాళ్లు, వాళ్ల కథ కూడా గబగబా ముగిసిపోతుంది. 1992 అనిమే ఆ పాత సంబంధాన్ని దాదాపు వదిలేసి, ఒక్కొక్కరికీ పది ఎపిసోడ్లకు అటూఇటూగా చోటిచ్చింది. నెఫ్రైట్‌కీ, హీరోయిన్ స్నేహితురాలు నారుకీ మధ్య నడిచే కథ మాంగాలో లేనే లేదు. విలన్ల మీద రాయాలంటే నా సలహా 1992 అనిమే. ‘క్రిస్టల్’ మాంగాకు దగ్గరగా ఉంటుంది కానీ డార్క్ కింగ్‌డమ్ కథనంతా 14 ఎపిసోడ్లలో చెప్పేస్తుంది, విలన్లకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు.

రెండో జాగ్రత్త డబ్బింగ్ గురించి. 1995లో డిక్ సంస్థ చేసిన ఇంగ్లిష్ డబ్బింగ్‌లో మొదటి సీజన్ నుంచి 2, 5, 6, 20, 42 ఎపిసోడ్లు తీసేశారు. 45, 46 రెంటినీ కత్తిరించి ఒక్కటి చేశారు. అలా 46 కాస్తా 40 అయ్యాయి. దీంతో నంబర్లన్నీ తారుమారు: అసలు 13వది అక్కడ 10వది, 24వది అక్కడ 20వది, 35వది 31వది, 44వది 39వది. పాత డబ్బింగ్ చూసి నంబర్ వేస్తే, జపనీస్ చూసిన పాఠకుడు ఆ ఎపిసోడ్ తెరిచి తికమకపడతాడు. నంబర్ ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. ఆ డబ్బింగ్‌లో జొయిసైట్‌ను ఆడమనిషిని చేశారు, కుంజైట్ పేరు మాలకైట్ అయింది, చివర్లో సైలర్ గార్డియన్ల (హీరోయిన్ జట్టు అమ్మాయిల) చావుల్ని బందీలుగా పట్టుకుపోవడంగా మార్చారు. తర్వాత వేరే సంస్థ చేసిన నాలుగో సీజన్ ‘సూపర్ ఎస్’ డబ్బింగ్‌లో మగ విలన్ ఫిష్ ఐకీ అదే గతి పట్టింది. 2014 నుంచి విజ్ మీడియా తెచ్చిన కొత్త డబ్బింగ్‌లో ఈ కోతలు లేవు. అసలైతే జపనీస్ ఆడియో, కింద సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం మేలు. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

నోట్సు రాసుకునే తీరు

ఒక పేజీని అయిదు గళ్లు చేయండి. ఏం దోచుకుంటున్నారు, ఎవరి దగ్గర, ఏ వేషంలో, ఎవరికి జవాబుదారీ, ముగింపు ఎవరి చేతిలో. ఒక్కో విలన్‌కు ఒక పేజీ ఇవ్వండి, ఎపిసోడ్‌కు ఒక వరస. యుద్ధం జరిగే చివరి నాలుగైదు నిమిషాల గురించి ఒక్క ముక్కే రాయండి, అక్కడ విలన్ గురించి కొత్తగా తెలిసేది తక్కువ. రూపాంతరం దృశ్యాలు ఎలాగూ ప్రతిసారీ అవే బొమ్మలు.

పాజ్ చేయాల్సిన చోటు డార్క్ కింగ్‌డమ్‌ను ఏలే క్వీన్ బెరిల్ సింహాసనం దృశ్యం. ఆమె మాట్లాడటం మొదలుపెట్టగానే ఆపి నిమిషం వేసుకోండి. మెచ్చుకుందా, హెచ్చరించిందా, ఇదే ఆఖరి అవకాశం అందా? ఎదుట నిలబడ్డవాడు ఎవరిమీదికి తోశాడు? పక్కన నిలబడి చూస్తున్నది ఎవరు? ఇక్కడే జపనీస్ ఆడియో కావాలి. అందరూ ఆమెను ‘బెరిల్ సామా’ అనే పిలుస్తారు (‘సామా’ పైవాళ్ల పేరుకు మర్యాదగా చేర్చే మాట). జొయిసైట్ కుంజైట్‌ను ‘కుంజైట్ సామా’ అంటాడు, కుంజైట్ మాత్రం వట్టి ‘జొయిసైట్’ అంటాడు. నెఫ్రైట్‌తో మాట్లాడేటప్పుడు జొయిసైట్ గొంతు ఎంత మారిపోతుందో చెవి పెట్టి వినండి. సబ్‌టైటిల్స్‌లో ఈ మర్యాదల తేడాలు తరచూ ఎగిరిపోతాయి.

ఇంకొకటి కూడా చెవితోనే దొరుకుతుంది. క్వీన్ బెరిల్‌కూ, సైలర్ మూన్‌గా మారే అమ్మాయి ఉసాగికి దారిచూపే పిల్లి లూనాకూ గొంతు ఇచ్చింది ఒక్కరే, కేకో హాన్. ఒకే ఎపిసోడ్‌లో లూనా ఉసాగిని మందలించే చోటునీ, బెరిల్ తన సేనానిని మందలించే చోటునీ వెంటవెంటనే వినండి. ఇద్దరూ తప్పు చేసినవాళ్లనే మందలిస్తున్నారు. లూనా తిట్టి, మళ్లీ వెంట వస్తుంది. బెరిల్ తిట్టి, లెక్క రాసుకుంటుంది.

డార్క్ కింగ్‌డమ్: 16 ఎపిసోడ్లు

46 ఎపిసోడ్లూ చూస్తే 18 గంటలు పైన పడుతుంది. తీరిక ఉంటే అలాగే చూడండి. లేదంటే ఇవి చాలు: 1, 3, 8, 10, 13, తర్వాత 14, 21, 23, 24, తర్వాత 27, 31, 34, 35, ఆఖరున 44, 45, 46. ఆరున్నర గంటల లోపు పని. వరస తప్పించొద్దు. ముఖ్యంగా 24ను ముందే చూసేయొద్దు, 23 చూడకుండా అది సగమే అర్థమవుతుంది.

జేడైట్ భాగంలో (1 నుంచి 13) చూడాల్సింది వేషాలు. అతనికి గుంపు కావాలి, ఒక్కసారే చాలామంది శక్తి పీల్చాలి. అందుకే జనం తమంతట తాము వచ్చే చోటు వెతుకుతాడు: తక్కువ ధరకు అమ్ముతున్నారని ఎగబడే నగల దుకాణం, అర్ధరాత్రి రేడియో కార్యక్రమం, సన్నబడాలనుకునేవాళ్ల జిమ్, మార్కుల కోసం పిల్లలు చేరే ట్యూషన్ సెంటర్, ప్రేమ ఫలించాలని తాయెత్తు కొనుక్కునే గుడి. ఈ జాబితా పక్కన ‘జనానికి ఏం ఆశ’ అని ఇంకో గడి గీయండి. 1990ల మొదట్లో టోక్యో ఆడపిల్లల కోరికలన్నీ అక్కడ వరసకడతాయి. జేడైట్ మీద రాసేవాళ్లు చాలామంది ‘మొదటి విలన్, బలహీనుడు’ అని రెండు లైన్లలో తేల్చేస్తారు, అది అన్యాయం. మనుషులకు ఏం కావాలో ఇంత బాగా తెలిసినవాడు ఆ నలుగురిలో ఇంకొకడు లేడు. ఆడవాళ్లంటే మాత్రం చులకన. 13వ ఎపిసోడ్‌లో హనేదా విమానాశ్రయంలో ఆ చులకనను నోటితో అంటాడు, ముగ్గురు సైలర్ గార్డియన్లూ అక్కడికక్కడే జవాబిస్తారు. అయినా అతని కథ ముగించేది వాళ్లు కాదు. ఓడిపోయి వచ్చినవాణ్ణి బెరిల్ స్ఫటికంలో శాశ్వత నిద్రలోకి పంపేస్తుంది. అయిదో గడిలో ‘బెరిల్’ అని రాసుకోండి.

నెఫ్రైట్ రాగానే పద్ధతి మారుతుంది. గుంపు పోయి ఒక్క మనిషి వస్తాడు. నక్షత్రాలను అడిగి, శక్తి పతాక స్థాయికి చేరబోతున్న ఒకరిని ఎంచుకుని, వాళ్లు రోజూ చేత్తో పట్టుకునే వస్తువులో యోమాను (రాక్షసిని) దాస్తాడు. 14లో టెన్నిస్ రాకెట్, 21లో అనిమే స్టూడియోలో బొమ్మలు గీసే అమ్మాయి పెన్సిల్. ఈ 21వదాన్ని జాబితాలో పెట్టడానికి కారణం ఉంది. యానిమేటర్ల జీవితాన్ని యానిమేటర్లే గీసిన ఎపిసోడ్ అది, కష్టపడి పనిచేసేవాళ్ల ఇష్టం ఎలా వాళ్లనే మింగగలదో దానికంటే సూటిగా చూపించిన ఎపిసోడ్ మొదటి సీజన్లో లేదు. నెఫ్రైట్ పేజీలో రెండో గడి నింపేటప్పుడు మనిషి పేరుతోపాటు వాళ్ల పనీ రాయండి. వరసగా చూస్తే అతను దోచుకునేది పనిలో మునిగిన మనసునని తెలుస్తుంది.

24వ ఎపిసోడ్‌ను రెండుసార్లు చూడాలి

మొదటిసారి ఆపకుండా చూడండి. రెండోసారి నెఫ్రైట్ ముఖాన్నే చూడండి. ఉసాగి స్నేహితురాలు నారుకు అతను సంజోయిన్ మసాతోగా, ఎర్ర కారులో తిరిగే ధనవంతుడిగా పరిచయం. ఆమె ప్రేమను వాడుకుందామనే దగ్గరవుతాడు. జొయిసైట్ పంపిన యోమాలు నారును ఎత్తుకుపోతే విడిపించి తెస్తాడు, గాయపడతాడు. ఆమె కట్టు కడుతుంది. చెట్ల మధ్య కూర్చుని మాట్లాడుకునే ఆ కాసేపట్లో చాక్లెట్ పర్ఫే తినడానికి వెళ్దామన్న మాట వస్తుంది. అతను నవ్వుతాడు. అప్పటిదాకా అతని నవ్వులన్నీ ఎవర్నో పడగొట్టడానికి నవ్వినవే. ఈ నవ్వు దగ్గర పాజ్ చేసి, 23లో ఆమెతో మాట్లాడేటప్పటి నవ్వుతో పోల్చి చూడండి. గీతలో తేడా కనిపిస్తుంది.

ఆ తర్వాత ముళ్లలాంటి ఆయుధం అతని ఒంట్లో దిగి శక్తిని పీల్చేస్తుంటే నారు వట్టి చేతులతో దాన్ని లాగబోతుంది. పోయే ముందు నెఫ్రైట్ చెప్పే ఆఖరి మాటల్లో మళ్లీ ఆ పర్ఫే వస్తుంది: కలిసి తినడం ఇక కుదరదని. ప్రపంచాన్ని కబళించాలనుకున్నవాడి నోట ఆఖరున వచ్చింది ఒక ఐస్‌క్రీమ్ గ్లాసు. ఇక్కడ రాసేవాళ్లు చేసే పొరపాటు ‘నెఫ్రైట్ మంచివాడైపోయాడు’ అని ముక్తాయించడం. అతను మారడానికి దక్కింది ఒక్క రాత్రి, అదీ పూర్తిగా దక్కలేదు. అంతకుముందు అతను చేసిన వాటికి బలైనవాళ్లను పక్కనపెట్టి రాస్తే నారు దుఃఖం కూడా చిన్నబోతుంది. రెండూ రాయండి. అయిదో గడిలో ‘జొయిసైట్’.

జొయిసైట్, కుంజైట్, బెరిల్

జొయిసైట్ వేట ఏడు ఇంద్రధనుస్సు స్ఫటికాల కోసం. అవి మామూలు మనుషుల లోపల, ఒకచోట పిల్లి లోపల కూడా ఉంటాయి. 27లో భవిష్యత్తు చూడగలిగే కుర్రాడు ఉరావా, 31లో రెట్ బట్లర్ అనే లావుపాటి పిల్లి. స్ఫటికం లాగేస్తే ఆ ప్రాణి రాక్షసిగా మారిపోతుంది. ఇక్కడ ఒక మలుపు గుర్తించాలి: అంతకుముందు యోమాలను నాశనం చేసేవాళ్లు, ఇప్పుడు ఎదురుగా ఉన్నది మనిషే కాబట్టి మూన్ స్టిక్ అనే మంత్రదండంతో నయం చేయాలి. విలన్ పద్ధతి మారితే హీరోయిన్ ధర్మం మారింది. దీని మీద ఒక పేరా తప్పకుండా రాయవచ్చు.

జొయిసైట్ వెనకనుంచి పొడిచే మనిషి, 34లో ఉసాగికి అండగా వచ్చే టక్సీడో మాస్క్ విషయంలో అక్షరాలా అదే చేస్తాడు. అతన్ని ప్రాణాలతో తెమ్మన్న బెరిల్ మాటను లెక్కచేయలేదు కాబట్టి 35లో ఆమె చేతిలోనే పోతాడు. కుంజైట్ అతన్ని ఒడిలో పెట్టుకుంటాడు. చావు అందంగా ఉండాలని జొయిసైట్ కోరితే చుట్టూ పూలు పూయిస్తాడు. ఇద్దరు మగవాళ్ల ప్రేమను 1992లో పిల్లల సీరియల్లో ఇంత సూటిగా చూపించారు. పాత డబ్బింగ్‌లో జొయిసైట్‌ను ఆడమనిషిగా మార్చడం వల్ల పోయింది ఇదే. ఆ డబ్బింగ్ ఆధారంగా రాస్తే మీ పరిశీలన మొత్తం పక్కదారి పడుతుంది.

కుంజైట్ గురించి క్లుప్తంగా రాసినా చాలు. 35 తర్వాత అతను పథకాలు వేస్తాడు కానీ ప్రాణం లేదు, అది నటనలోనే వినిపిస్తుంది. 44లో తను విసిరిన ఆయుధమే తిరిగొచ్చి తగులుతుంది. నలుగురిలో హీరోయిన్‌తో పోరులో పోయినవాడు ఇతనొక్కడే, అదీ సొంత ఆయుధంతో.

45, 46 ఎపిసోడ్లను ఒకేసారి చూడండి. ఉత్తర ధ్రువం దగ్గర డీడీ గర్ల్స్ అనే అయిదుగురు యోమాలు సైలర్ గార్డియన్లను ఒక్కొక్కరినీ చంపుతారు, మొదట్లో భ్రమలు చూపించి. భ్రమలో ఎవరి రూపం కనిపించిందో రాసుకోండి. ఆ రూపమే ఆ అమ్మాయి బలహీనత ఏమిటో చెబుతుంది. బెరిల్ తను కొలిచే దుష్టశక్తి మెటాలియాతో ఏకమై కొండంత అయ్యేసరికి ఆమె చుట్టూ మాట్లాడేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆ ఖాళీ సింహాసనం గది గురించి రాయండి, ఆఖరి కాంతి యుద్ధం గురించి అందరూ రాస్తారు.

తర్వాతి సీజన్లలో ఏం చూడాలి

‘ఆర్’ 47 నుంచి 89 వరకు. మొదటి 13 ఎపిసోడ్లు ఐల్, ఆన్ కథ, మాంగాలో లేదు. ఆ తర్వాత బ్లాక్ మూన్ అనే దుష్ట వంశం. ఇక్కడ నలుగురు అయకాషి అక్కచెల్లెళ్ల మీద ఎక్కువసేపు ఉండండి. కోవాన్, బెర్టియె, కలవెరాస్, పెట్స్. నలుగురూ బతుకుతారు. మామూలు మనుషులై మేకప్ సామాన్లు అమ్ముకుంటారు. మీ అయిదో గడిలో చావు లేని అరుదైన వరస ఇది. వాళ్లను పంపిన రూబియస్‌ను మాత్రం కూలిపోతున్న ఓడలో ఎస్మరోడ్ వదిలేసి వెళ్లిపోతుంది. ఆమెను, అదే వంశంలోని సఫీర్‌ను, డెమాండ్‌ను ముగించేది వాళ్లను వెనకనుంచి నడిపే వైజ్‌మన్. అక్కచెల్లెళ్లకూ వీళ్లకూ తేడా ఏమిటంటే, వాళ్లకు ఓటమి తర్వాత చేయి అందించినవాళ్లు దొరికారు. సఫీర్ పారిపోయి వచ్చినప్పుడు ఆశ్రయమిచ్చింది కూడా పెట్సే.

‘ఎస్’ 90 నుంచి 127. దోచుకునేది స్వచ్ఛమైన హృదయాలు. ఇక్కడి విచెస్ 5 అనే మంత్రగత్తెల వరస అచ్చం ప్రమోషన్ కోసం కొట్టుకునే ఆఫీసులా ఉంటుంది, దాన్ని వరుసగా రాసుకుంటే చాలు. యూడియల్ కారును పాడుచేసి ఆమె చావుకు కారణమయ్యేది మిమెట్. మిమెట్ తెర లోపలికి వెళ్లే యంత్రంలో ఉండగా ప్లగ్ పీకేసేది టెల్లు. టెల్లు తను పెంచిన మొక్కకే బలి. విలుయ్ తన నానోమెషిన్లకు. సిప్రైన్, ఆమె కవల టిలోల్ ఒకరి దెబ్బకు ఒకరు. ఒక్కరు కూడా సైలర్ మూన్ దాడికి నేరుగా పోలేదు. మిమెట్ మీద రాసేటప్పుడు ఆమెను వట్టి హాస్యపాత్ర చేసేయకండి. తను మోజుపడ్డ సినీ, సంగీత తారలనే ఎంచుకుని వాళ్ల గుండెనే లాగుతుంది. అభిమానం ఎక్కడ దోపిడీ అవుతుందో ఆమె దగ్గర చూడొచ్చు.

‘సూపర్ ఎస్’ 128 నుంచి 166. అమెజాన్ ట్రియో అనే ముగ్గురు విలన్లు బాధితుల కలల అద్దంలో తలపెట్టి లోపలికి చూసే దృశ్యాలు చాలామందికి ఇబ్బందిగా అనిపిస్తాయి. తప్పించుకోకుండా బాధితుల ముఖాన్ని చూసి రాయండి. 149లో ఆ ముగ్గురి ముగింపు తప్పనిసరి: జంతువులుగా పుట్టి మనిషి రూపం అరువు తెచ్చుకున్నవాళ్లు, సొంత కల అనేది లేనివాళ్లు, మిగిలిన బలాన్ని ఉసాగి అద్దం కోసం ధారపోస్తారు. ఆ తర్వాత వచ్చే అమెజోనెస్ క్వార్టెట్ అనే నలుగురు అమ్మాయిలపై ఒక పేరా చాలు.

‘సైలర్ స్టార్స్’ 167 నుంచి 200. మొదటి ఆరు ఎపిసోడ్లు ‘సూపర్ ఎస్’ విలన్ల రాణి నెహలేనియాకు. తర్వాత గెలాక్సియా, ఆమె కింద కంకణాలతో బతికే ఐరన్ మౌస్, అల్యూమినియం సైరన్, లెడ్ క్రో, టిన్ న్యాంకో. కంకణం తీసేస్తే ప్రాణం పోతుంది, తీసేది గెలాక్సియానే. సైరన్ పోయాక క్రో ఎలా ఉంటుందో గమనించండి. పోటీదారుల్లా కనిపించిన ఇద్దరి మధ్య స్నేహం ఉందని అప్పుడు తెలుస్తుంది.

రాసే పని

అన్ని సీజన్ల మీద ఒకే వ్యాసం పెట్టుకోకండి, పేర్ల జాబితాగా మిగిలిపోతుంది. ఒక్క విలన్, లేదా ఒక్క జంట. ఎనిమిది వందల నుంచి వెయ్యి మాటలు. మొదటి పేరాలో ఏ వెర్షన్, ఏ ఎపిసోడ్లు అన్నది చెప్పేయండి. రెండో పేరాలో ఒక్క దృశ్యం తీసుకుని దగ్గరగా చూపించండి: ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ముందు చూపు తిప్పుకున్నారు, ఏ మాట అన్నారు. మీ అభిప్రాయం దాని తర్వాతే రావాలి. ముందే ‘నాకు చాలా ఇష్టమైన విలన్’ అని మొదలుపెడితే మిగతాదంతా ఆ మాటకు సాక్ష్యం వెతకడమే అవుతుంది.

చావు గురించి చెప్పే పేరాకు ముందు ఒక హెచ్చరిక లైను పెట్టండి. సీరియల్ పాతదే కానీ, తెలుగులో ఇప్పుడిప్పుడే మొదలుపెట్టేవాళ్లు ఉంటారు. 24వ ఎపిసోడ్‌ను తెలియకుండా చూసే హక్కు వాళ్లకుంది. శీర్షికలోనూ, పక్కన పెట్టే బొమ్మలోనూ ఆ చావు బయటపడకూడదు.

పేర్లకు ఒక్కటే రాత పాటించండి. మెటాలియా, మెటారియా రెండూ వాడుకలో ఉన్నాయి, ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే రాయండి. పాత డబ్బింగ్ పేర్లు తెలిసిన పాఠకుల కోసం మొదటిసారి మాత్రం ‘డబ్బింగ్‌లో మాలకైట్’ అని పక్కనే చెప్పండి. అంతా అయ్యాక వ్యాసంలోని ప్రతి ఎపిసోడ్ నంబరునూ మళ్లీ తెరిచి సరిచూసుకోండి. ముఖ్యంగా 20కి పైన ఉన్నవి, 42కి పైన ఉన్నవి. డబ్బింగ్ లెక్క ఎక్కువగా దొర్లేది అక్కడే.